బయటి సాయంతో ప్రభుత్వానికి ప్రణాళిక వేసే సత్తా వస్తుందా? ఆంధ్రప్రదేశ్‌లో ఏం మిగిలింది?

తుంగభద్ర (చర్చ మొదలుపెట్టినవారు)

అమెరికా 2025 జులై 1తో తన విదేశీ సాయం సంస్థ యూఎస్ఎయిడ్‌ను మూసేసింది. బ్రిటన్ తన విదేశీ సాయాన్ని జాతీయాదాయంలో 0.5 శాతం నుంచి 2027 కల్లా 0.3 శాతానికి దించుతానని ప్రకటించింది. మందులు, తిండిగింజలు ఆగిపోవడం గురించి అందరూ రాస్తున్నారు. నేను అడిగేది ఇంకో పద్దు గురించి. ఆర్థిక శాఖకూ ప్రణాళికా శాఖకూ సలహాదారుల్ని ఇవ్వడం, బడ్జెట్ పద్ధతులు మార్పించడం, నియంత్రణ సంస్థలు నిలబెట్టడం లాంటి వాటికి ఇచ్చే సాయం.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఇది పెద్ద ఎత్తున తీసుకుంది. 1998లో ప్రపంచ బ్యాంకు ఎకనామిక్ రీస్ట్రక్చరింగ్ ప్రాజెక్టు, 54 కోట్ల డాలర్లకు పైన. 1999 ఫిబ్రవరిలో విద్యుత్ సంస్కరణలకు 21 కోట్ల డాలర్లు. 2002లో ఆర్థిక సంస్కరణల రుణం 25 కోట్ల డాలర్లు, దానికి తోడు బ్రిటన్ విదేశీ సాయం శాఖ డీఎఫ్ఐడీ 6.5 కోట్ల పౌండ్లు. 2001 అక్టోబరులో డీఎఫ్ఐడీ తోడ్పాటుతోనే హైదరాబాదులో సెంటర్ ఫర్ గుడ్ గవర్నెన్స్ (సీజీజీ) పుట్టింది.

రోడ్లు, బడులు పక్కన పెట్టండి. ప్రభుత్వం తన లెక్క తాను వేసుకుని, విధానం తాను రాసుకుని, నడుపుకునే శక్తి పెరిగిందా? పెరిగితే అది ఇవాళ ఏ ఆఫీసులో, ఏ కుర్చీలో ఉంది?

అడంగల్

పెరగలేదు. ఎందుకో చెప్తాను, ఓపిగ్గా చదవండి.

సలహా సాయం నడిచే తీరు ఇది. ముందు టీవోఆర్, అంటే ఏం పని చేయాలో చెప్పే పత్రం, తయారవుతుంది, ఎక్కువసార్లు దాత చేతి మీదుగానే. టెండరులో సాంకేతిక ప్రతిపాదనకు 80 మార్కులు, ధరకు 20. లేదా 70, 30. గెలిచిన సంస్థ ఇన్‌సెప్షన్ రిపోర్టు ఇస్తే కొంత సొమ్ము, ముసాయిదా ఇస్తే ఇంకొంత, తుది నివేదిక ఇస్తే మిగతాది. ప్రతి వాయిదా ఒక కాగితానికి ముడిపడి ఉంటుంది. ఆ కాగితం వల్ల ఏ జీవో మారింది, ఏ పద్దు కింద డబ్బు కదిలింది అన్నదానికి వాయిదా ఉండదు.

శాఖ తరఫున 'కౌంటర్‌పార్ట్' అని ఒక అధికారిని చూపిస్తారు. ఆయన మీద అప్పటికే మూడు ఇన్‌చార్జి బాధ్యతలుంటాయి. కాస్త పట్టు దొరికే వేళకు బదిలీ. కొత్తాయన వస్తే కన్సల్టెంటు మళ్లీ మొదటి స్లైడు నుంచి మొదలుపెట్టాలి. ఒప్పందం ముగిశాక మిగిలేది ఒక ఎక్సెల్ మోడలు. ఆదాయ అంచనాలో 14 శాతం అని ఒక గడిలో ఉంటుంది, అది ఎక్కడి నుంచి వచ్చిందో రాసి ఉండదు. మరుసటి బడ్జెట్‌కి సెక్షన్ ఆఫీసరు దాన్ని పక్కన పెట్టి, నిరుటి అంకెకు పది శాతం కలిపి బడ్జెట్ అంచనాల పట్టిక (నంబర్ స్టేట్‌మెంట్) నింపుతాడు. అతన్ని తప్పుపట్టను. అతనికి ఆ మోడలు ఎవరూ అప్పగించలేదు.

ఇంకోటి. 2005 దాకా బయటి అప్పు రాష్ట్రానికి అదే షరతుల మీద వచ్చేది కాదు. ప్రపంచ బ్యాంకులో చౌక రుణాలిచ్చే విభాగం ఐడీఏ కేంద్రానికి 0.75 శాతం సర్వీసు చార్జీకి ఇచ్చిన సొమ్మును, కేంద్రం రాష్ట్రానికి 70 శాతం అప్పు, 30 శాతం గ్రాంటుగా, తన వడ్డీ రేటుకు ఇచ్చేది. పన్నెండో ఆర్థిక సంఘం సిఫార్సు చేశాకే వచ్చిన షరతుల మీదే రాష్ట్రానికి ఇవ్వడం మొదలైంది. సంస్కరణకు చౌక సాయం అని ఊరంతా చెప్పుకున్నది మన ఖజానాకు చేరేసరికి చౌక కాదు.

మూసీ ఒడ్డు

రాష్ట్రం 2020కి ఎలా ఉండాలో చెప్పే విజన్ 2020నే మెకన్సీ అనే కన్సల్టింగ్ సంస్థ చేత రాయించుకున్నాం. ఇంక సామర్థ్యం గురించి మాట్లాడేదేముంది?

ఫీడర్ 11కేవీ

మూసీ ఒడ్డు గారూ, విజన్ 2020 తయారీలో మెకన్సీ ఉందన్నది 1999 జనవరిలో పుస్తకం బయటికొచ్చిన నాడే అందరికీ తెలుసు. ఇక్కడ అడిగింది పుస్తకం గురించి కాదు, ఏం మిగిలిందని. కరెంటు వైపు చూడండి.

1999కి ముందు రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏపీఎస్ఈబీలో పంపుసెట్లకు మీటర్లు లేవు, హార్స్‌పవర్‌ని బట్టి స్లాబు చార్జీ. రైతులు ఎన్ని యూనిట్లు వాడారో ఎవరికీ తెలియదు. తెలియనిచోట ఏ అంకైనా రాయొచ్చు. లైన్లలో పోయిన కరెంటు, ఫ్యాక్టరీలో దొంగిలించిన కరెంటు కూడా వ్యవసాయం పద్దులో కలిపేస్తే నష్టాలు తక్కువగా, రైతు వాడకం ఎక్కువగా కనిపించేది. అలాంటి అంకెల మీద ఏ ప్రణాళికా నిలవదు.

1998లో చేసిన చట్టం 1999 ఫిబ్రవరి 1న అమల్లోకి వచ్చి బోర్డు కరెంటు తయారుచేసే జెన్‌కో, మోసుకెళ్లే ట్రాన్స్‌కోలుగా విడిపోయింది. 2000లో ఇళ్లకూ పొలాలకూ కరెంటు పంపిణీ చేసే నాలుగు డిస్కంలు. వీటి మీద విద్యుత్ నియంత్రణ మండలి. అప్పటినుంచి డిస్కం రాబోయే ఏడాదికి తనకు కావలసిన ఆదాయాన్ని ముందే లెక్కగట్టి దాఖలు చేయాలి, బహిరంగ విచారణలో ఎవరైనా లేచి ప్రశ్నించొచ్చు. వ్యవసాయం అంకెకు ఒక పద్ధతి కుదిరింది. ఒక్క వ్యవసాయానికే కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మర్లలో నమూనాగా కొన్నిటికి మీటరు బిగించాలి. నెలనెలా రీడింగు తీయాలి. దాన్ని ఆ ట్రాన్స్‌ఫార్మరు కింద ఉన్న హార్స్‌పవర్‌తో భాగించాలి. వచ్చిన సగటును మొత్తం వ్యవసాయ హార్స్‌పవర్‌తో హెచ్చించాలి.

తప్పులు జరిగేదీ ఇక్కడే. మీటరు కాలిపోతే రెండు నెలలు రీడింగు ఉండదు. అనుమతి లేని మోటార్లు అదే ట్రాన్స్‌ఫార్మరు మీద కలుస్తాయి. 5 హెచ్‌పీ మోటారు రికార్డులో 3 హెచ్‌పీగా ఉంటుంది. వీటి మీద విచారణల్లో రైతు సంఘాలూ విశ్రాంత ఇంజినీర్లూ గట్టిగా నిలదీస్తారు. నిలదీయడానికి ఒక అంకె బల్ల మీదికి వచ్చింది. దాన్నే నేను సామర్థ్యం అంటాను.

ఇప్పుడు అసలు సంగతి. 2004 మేలో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. ప్రపంచ బ్యాంకు కోరినదానికి ఇది పూర్తిగా ఎదురు. అయినా ఆ మండలీ ఆ లెక్కా పనికొచ్చాయి. ఉచితంగా ఇస్తే డిస్కంకి ఎంత లోటో మండలి తేల్చి చెప్పగలిగింది. 2003 విద్యుత్ చట్టం 65వ సెక్షను ప్రకారం ఆ మొత్తాన్ని ప్రభుత్వం ముందుగా కట్టాలి. దాతకు నచ్చని విధానాన్ని నడపడానికి దాత డబ్బుతో నిలబడిన వ్యవస్థే ఉపయోగపడింది. ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

పెన్నేరు

'కట్టాలి' సరే. కట్టారా?

ఫీడర్ 11కేవీ

పూర్తిగానూ కట్టలేదు, సమయానికీ కట్టలేదు. డిస్కంల అప్పులు పేరుకుని 2016లో ఏపీ, 2017 జనవరిలో తెలంగాణ డిస్కంలను గట్టెక్కించే కేంద్రం ఉదయ్ పథకంలో చేరాల్సి వచ్చింది. కాకపోతే బకాయి ఎంతో తెలిసింది, ఎవరు పడ్డారో తెలిసింది. బోర్డు రోజుల్లో అది కూడా తేలేది కాదు.

అడంగల్

70:30 గురించి ఒక్క ముక్క రాయలేదు మీరు.

ఫీడర్ 11కేవీ

70:30 అప్పులకు వర్తించే సూత్రం. మనం మాట్లాడుతున్నది సలహా సాయం. అందులో చాలా భాగం దాత నేరుగా కన్సల్టెంటు సంస్థతో ఒప్పందం చేసుకుని, తనే చెల్లించేది. ఆ డబ్బు మన ఖజానాలోకి రాలేదు, కాబట్టి వడ్డీ ప్రశ్నే లేదు. పైగా డాలరు పెరిగితే ఆ భారం కేంద్రానిదే. 1998 తర్వాత రూపాయి ఎటు పోయిందో చూసుకుని అప్పుడు ఖరీదు లెక్కగట్టండి.

అడంగల్

ఖజానాలోకి రాలేదని మీరే ఒప్పుకుంటున్నారు. నేను మొత్తుకునేది దాని గురించే. ఖజానాలోకి రాని సొమ్ము డిమాండ్ల పుస్తకంలో కనిపించదు. శాసనసభ దాని మీద ఓటేయదు. ఖర్చుల లెక్క చూసే శాసనసభ కమిటీ పీఏసీ అడగదు. ఒక శాఖకు ఏడాదికి ఎంత సలహా వచ్చింది, ఎంత ఖరీదుకు వచ్చింది అని ఒక ఎమ్మెల్యే తెలుసుకోవాలంటే లండన్‌లో పార్లమెంటు ప్రశ్నలకు ఇచ్చిన జవాబులు వెతుక్కోవాలి. ప్రభుత్వ రంగ సంస్థల్ని అమ్మడానికి, మూయడానికి పెట్టిన ఇంప్లిమెంటేషన్ సెక్రటేరియట్ సంగతే చూడండి. డబ్బు డీఎఫ్ఐడీది, సలహాదారులు లండన్ ఆడమ్ స్మిత్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు. బ్రిటిష్ సాయంతో బ్రిటిష్ సంస్థల దగ్గరే కొనాలన్న ముడిని వాళ్లు విప్పింది 2001 ఏప్రిల్‌లో. బడ్జెట్ బాగుచేయడానికి వచ్చిన సాయం బడ్జెట్ బయట నడిస్తే నేర్పింది ఏమిటి?

ఫీడర్ 11కేవీ

బడ్జెట్ బయట నడిచింది తప్పే, ఒప్పుకుంటాను. దాతల్లోనూ ఆ తప్పు గుర్తించారు. 2005 పారిస్ ప్రకటనలో దేశం సొంత ఖజానా, సొంత కొనుగోలు పద్ధతులు వాడాలని, ప్రాజెక్టుకో సమాంతర ఆఫీసు పెట్టడం తగ్గించాలని రాసుకున్నారు. 2012 నుంచి ప్రపంచ బ్యాంకులో 'ప్రోగ్రామ్ ఫర్ రిజల్ట్స్' ఉంది. సొమ్ము రాష్ట్ర బడ్జెట్ నుంచే ఖర్చవుతుంది, ఒప్పుకున్న ఫలితం తేలాక విడుదలవుతుంది. 2024 డిసెంబరులో అమరావతికి మంజూరైన 80 కోట్ల డాలర్లు ఆ పద్ధతిలోవే.

అడంగల్

ఆ ఫలితాల జాబితా ఎవరు రాస్తారు?

ఫీడర్ 11కేవీ

ఇద్దరూ కూర్చుని.

జహీరాబాద్ జొన్న

మీ ఇద్దరి వాదనా సచివాలయం గోడలు దాటడం లేదు.

2001 జూన్‌లో మెదక్ జిల్లా అల్గోల్‌లో ప్రజాతీర్పు జరిగింది. చిన్న, సన్నకారు రైతులు, వాళ్లలో ఎక్కువమంది దళిత, ఆదివాసీ ఆడవాళ్లు, జూరీగా కూర్చున్నారు. వ్యవసాయం ఎటు పోవాలన్నదానికి మూడు దారులు వాళ్ల ముందు పెట్టారు, అందులో ఒకటి విజన్ 2020. ప్రభుత్వం వైపు వాళ్లు, కంపెనీల వాళ్లు, సంఘాల వాళ్లు సాక్షులుగా వచ్చి చెప్పారు, జూరీ ప్రశ్నలేసింది. భూమి మీద బతికేవాళ్లను 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గించాలన్న ఆలోచనను వాళ్లు ఒప్పుకోలేదు. విత్తనం మీద, నేల మీద, అడవి మీద తమ అజమాయిషీ ఉండాలన్నారు. నివేదిక ఇంగ్లండులో బయటికొచ్చాక డీఎఫ్ఐడీ దాన్ని ప్రచురించిన సంస్థలకు అభ్యంతరం చెప్పింది, జూరీ ఎంపిక సరిగా లేదని.

మరి విజన్ 2020లో ఆ 40 శాతం అంకె రాసేటప్పుడు ఎంతమంది జొన్నరైతుల్ని కూర్చోబెట్టి అడిగారు? ఆ 30 శాతం మంది ఏ పనికి పోతారో ఏ మండలంలో లెక్కగట్టారు? ఇది ప్రణాళికా సామర్థ్యమా?

ఫీడర్ 11కేవీ

ప్రజాతీర్పు నివేదిక ప్రచురించిన రెండు సంస్థలూ ఇంగ్లండువే. బయటి డబ్బు మీకు నచ్చిన మాట చెప్పిస్తే ప్రజల గొంతు, నచ్చని మాట చెప్పిస్తే పెత్తనమా?

జహీరాబాద్ జొన్న

జూరీలో కూర్చున్నవాళ్లు ఇక్కడివాళ్లు. మీ టీవోఆర్ రాసినవాళ్లు కారు.

కొల్లేరు

సీజీజీ గురించి ఎవరూ రాయడం లేదు. విధానాల మీద పని చేస్తుందని పెట్టారు. ఇప్పుడు అక్కడ ఎక్కువగా శాఖలకు పోర్టళ్లు, సాఫ్ట్‌వేర్లు తయారవుతాయి. స్కాలర్‌షిప్పుల ఈ-పాస్ వాళ్లదే. దాన్ని విజయం అనాలా, దారి తప్పడం అనాలా?

ఫీడర్ 11కేవీ

దాత డబ్బు అయిపోయాక కూడా తలుపులు తెరిచే ఉన్న సంస్థ అది. శాఖలు దేనికి డబ్బిస్తాయో అదే చేస్తుంది. విధాన పత్రం కావాలని ఏ శాఖా పైసా ఇవ్వదు, పోర్టల్ కావాలని ఇస్తుంది. లక్షల మంది పిల్లలకు ఫీజు బ్యాంకులో పడుతోంది. చిన్న విషయం కాదు.

జాంబెజీ

ఒక్క రాష్ట్రాన్నే చూస్తే తేలదు. ఆఫ్రికాలో రెండు దేశాల సంగతి రాస్తాను, రెండూ బ్రిటన్ నుంచి సాయం పొందినవే.

మలావీ ప్రభుత్వ చెల్లింపులన్నీ ఇఫ్మిస్ అనే కంప్యూటర్ వ్యవస్థలో నడిచేవి. వోచరు ఎక్కుతుంది, పద్దులో నిధి ఉందో లేదో చూస్తుంది, పై అధికారి ఆమోదిస్తాడు, చెక్కు ముద్రితమవుతుంది, లెడ్జరులో పడుతుంది. 2013లో బయటపడిందేమిటంటే, సరుకు ఇవ్వని కంపెనీలకు చెక్కులు ముద్రించి, చెల్లింపు అయ్యాక ఆ నమోదును వ్యవస్థలోంచి తుడిచేశారు. బ్రిటన్ డబ్బుతో జరిగిన ఫోరెన్సిక్ ఆడిట్ ఆ ఏడాది ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా 1,300 కోట్ల క్వాచాలకు పైగా పోయిందని తేల్చింది. దాతలు బడ్జెట్ సాయం ఆపేశారు.

దీన్ని పట్టుకోవడానికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. లెడ్జరులో తుడిచేసినా బ్యాంకు స్టేట్‌మెంటులో చెక్కు నంబరు ఉంటుంది. నెలాఖరున ఒక గుమస్తా రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి టిక్కులు పెట్టుకుంటూ పోతే తేడా నెల తిరక్కుండా బయటపడుతుంది. ఆ బ్యాంకు సరిపోలిక సరిగా జరగలేదు. లైసెన్సులకు, సర్వర్లకు, శిక్షణ తరగతులకు పట్టించుకునేవాళ్లు ఉన్నారు, ఈ పనికి లేరు.

బోట్స్వానా ఇంకో దారి. 1966లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి రోజువారీ ఖర్చుకే బ్రిటిష్ గ్రాంటు కావాలి. ఆ గ్రాంటు అవసరం 1970ల మొదట్లోనే తీరింది. బయటి ఆర్థికవేత్తల్ని వాళ్లు చాలామందినే పెట్టుకున్నారు, కాకపోతే సర్కారు కుర్చీల్లో, సర్కారు అధికారి కింద. ఆర్థికమూ ప్రణాళికా ఒకే మంత్రిత్వ శాఖ. ఆ శాఖ ప్లానింగ్ ఆఫీసర్లే మిగతా శాఖల్లో కూర్చుంటారు. ఏ దాత వచ్చినా జాతీయ ప్రణాళికలో ఉన్న ప్రాజెక్టుల జాబితా చూపించి 'ఇందులో ఏరుకోండి' అంటారు. జాబితాలో లేనిదాన్ని పార్లమెంటు అనుమతి లేకుండా చేపట్టకూడదు. ప్రతి ప్రాజెక్టు పత్రంలో కట్టడం ఖర్చుతో పాటు, కట్టాక ఏడాదికి నర్సుల జీతం, మందులు, డీజిల్, మరమ్మతు ఎంతో రాయాలి. అది రాయకపోతే ఆస్పత్రి భవనం లేస్తుంది, డాక్టరు రాడు.

అడంగల్

జాంబెజీ గారు రాసింది మళ్లీ చదవండి. మలావీలో సాఫ్ట్‌వేర్ ఉంది, గుమస్తా లేడు. నేను మొదటినుంచీ చెప్పేది అదే. ఫీడర్ గారు ఒక్క నియంత్రణ మండలిని పట్టుకుని మొత్తం సాయాన్ని సమర్థిస్తున్నారు.

జహీరాబాద్ జొన్న

ఆ మండలి గురించి కూడా పూర్తిగా చెప్పండి మరి. మొదటి టారిఫ్ ఉత్తర్వు 2000 మేలో వచ్చింది. ఊరూరా ఆందోళన. ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులు. ప్రాణాలు పోయాయి. మీరు బల్ల మీదికి తెచ్చామంటున్న అంకె ఖరీదు అది.

ఫీడర్ 11కేవీ

చనిపోయినవాళ్లను అడ్డం పెట్టుకుని వాదన గెలవాలనుకోవడం సిగ్గుచేటు. తూటా పేల్చింది పోలీసు, పేల్చమన్నది ప్రభుత్వం. ట్రాన్స్‌ఫార్మరుకు మీటరు బిగించిన లైన్‌మన్ కాదు. ధర పెంచకముందు ఆ నష్టం ఎవరు మోశారు? ఆ లోటు పూడ్చడానికి పోయిన డబ్బుతో నడవాల్సింది మీ మెదక్ ఆస్పత్రులే.

జహీరాబాద్ జొన్న

ఆస్పత్రుల పేరు చెప్పి మా నోరు మూయించకండి. రెండేళ్లు వానల్లేక బోర్లు ఎండినా స్లాబు బిల్లు తప్పని ఊళ్లకు వెళ్లి ఈ మాట చెప్పండి. లెక్క కరెక్టు అని ఒకటే పాట. లెక్క కరెక్టయితే నిర్ణయం కరెక్టయిపోతుందా?

ఫీడర్ 11కేవీ

లెక్కే లేకపోతే ఏ నిర్ణయమైనా గుడ్డిదే!

నిర్వాహకుడు

ఇద్దరూ ఆగండి. మనుషుల మీదికి వెళ్లకుండా విషయం మీద రాయండి. ఇంకోసారి ఇలా అయితే దారం మూసేస్తాను.

అడంగల్

నిర్వాహకుడు గారి మాట మన్నిస్తూ, ఇంతవరకు రాయనిది రాస్తాను.

ఫీడర్ గారు లెక్క లెక్క అంటున్నారు. వరి దిగుబడి లెక్క ఎలా పుడుతుందో తెలుసా? ర్యాండమ్ నంబర్లతో సర్వే నంబరు తీస్తారు. ఆ పొలం నైరుతి మూల నుంచి, మళ్లీ ర్యాండమ్‌గా వచ్చిన అడుగులు నడిచి గుర్తు పెడతారు. అక్కణ్ణుంచి 5 మీటర్లు, 5 మీటర్లు తాడు లాగి నాలుగు మేకులు కొడతారు. తాడు లోపలి కంకులు మాత్రమే కోసి, నూర్చి, తూకం వేస్తారు. తడి గింజ కాబట్టి నమూనా ఆరబెట్టి మళ్లీ తూస్తారు. తాడు ఒక జాన జారినా, గట్టు పక్క మొక్క లోపలికి కలిసినా ఎకరం దిగుబడి మారిపోతుంది. కోతల రోజున రైతు యంత్రం మాట్లాడుకుని ఉంటాడు, అధికారి కోసం ఆగడు. ఒక్క మనిషి ఒకే రోజు రెండు ఊళ్లలో ఉండలేడు. అప్పుడు ఏం జరుగుతుంది? పక్క పొలం చూసి అంకె రాస్తారు. రాష్ట్ర పంట ఉత్పత్తి, రాష్ట్ర స్థూల ఉత్పత్తి విలువ (జీఎస్డీపీ), పంటల బీమా, ధాన్యం సేకరణ లక్ష్యం, అన్నీ ఆ అంకె మీదే.

మా గణాంక కేడర్‌లో పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్నాయి. ఒక్కో సహాయ గణాంకాధికారి (ఏఎస్ఓ) రెండు మండలాలు చూశాడు. తాడుకూ తూకం రాయికీ చిల్లర ఖర్చుల (కాంటింజెన్సీ) సొమ్ము అడిగితే నిధుల్లేవన్నారు. అదే రోజుల్లో మేం పంపిన అంకెలకు రంగు గ్రాఫులు గీసిన సంస్థలకు కోట్లలో చెల్లింపులు. నా కోపం ఇది. సామర్థ్యం పేరుతో వచ్చిన సాయం అంకె పుట్టేచోటికి రాలేదు, అంకెను చూపించే చోటే ఆగిపోయింది.

మూసీ ఒడ్డు

ఇది మొదటి పోస్టులోనే రాయాల్సింది.

ఫీడర్ 11కేవీ

అడంగల్ గారూ, ఇందులో ఒక్క మాట కూడా కాదనను. నిజానికి ట్రాన్స్‌ఫార్మరు మీటరు గొడవా ఇదే గొడవ. రీడింగు తీసేవాడు లేకపోతే మీటరు ఉండి ఏం లాభం?

కానీ ఒకటి అడుగుతాను. ఆ ఖాళీలు నింపకుండా ఆపింది ఎవరు? కొత్త పోస్టులు వద్దు, జీతాల బిల్లు తగ్గించండి అన్నది అప్పటి ఆర్థిక సంస్కరణల షరతుల్లో భాగం, నిజమే. దానికి ఒప్పుకుని సంతకం పెట్టింది మన ప్రభుత్వం. దాతలు పోయాక ఇన్నేళ్లలో ఏ పార్టీ వచ్చినా గణాంక కేడర్‌ను ఎందుకు నింపలేదు? నింపితే వచ్చే అంకె ప్రభుత్వాలకు ఇబ్బంది. దాత సాయం ఉన్నా లేకపోయినా ఈ సమస్య అలాగే ఉంది.

జొన్న గారికీ నాకూ అసలు పేచీ ఎక్కడో ఇప్పుడు తెలుస్తోంది. ఉచిత విద్యుత్తు ఇవ్వాలా వద్దా అన్నది ఓటు తేల్చాలి. 2004లో తేల్చింది. అధికారుల పని ఆ నిర్ణయానికి ఎంత ఖర్చవుతుందో తేల్చడం వరకే. ఆ తేల్చే శక్తికి బయటి సాయం తీసుకోవడంలో తప్పు లేదంటాను. మీరు తేల్చే శక్తినే పెత్తనం అనుకుంటున్నారు.

జహీరాబాద్ జొన్న

కాదు. తేల్చే శక్తి ఎవరి చేతిలో పెట్టారన్నదే నా ప్రశ్న. ఐదేళ్లకోసారి ఓటేయడం, మధ్యలో అంతా సచివాలయం లెక్కలు. రాజ్యాంగం 243జెడ్‌డీ ఏం చెప్పింది? ప్రతి జిల్లాకూ ప్రణాళికా సంఘం ఉండాలి, అందులో కనీసం ఐదింట నాలుగొంతులు జడ్పీ, మున్సిపాలిటీల్లో ఎన్నికైనవాళ్లు ఉండాలి. ఈ సవరణ 1993లో అమల్లోకి వచ్చింది. మన రాష్ట్రం దానికి చట్టం చేసింది 2005లో. విజన్ 2020 రాసినప్పుడు, సంస్కరణల రుణాలు తీసుకున్నప్పుడు, సీజీజీ పెట్టినప్పుడు ఆ చట్టమే లేదు. ఇన్ని కోట్ల డాలర్ల షరతుల్లో 'ముందు జిల్లా ప్రణాళికా సంఘాలు పెట్టండి' అన్నది ఎవరికీ పట్టలేదు. జీతాల బిల్లు పట్టింది. ధరలు పట్టాయి. ఎందుకంటే సంతకం పెట్టే ఆర్థిక శాఖ బలపడితే అప్పు ఇచ్చినవాడికి చాలు. జడ్పీ బలపడితే వాడికి ఒరిగేదేమీ లేదు.

తుంగభద్ర

ఇది నేను అనుకోని కోణం. అయితే జొన్న గారూ, జిల్లా ప్రణాళికా సంఘానికి లెక్క వేసేవాళ్లను ఇస్తే మీకు సరేనా? బయటి డబ్బుతోనైనా?

జహీరాబాద్ జొన్న

సంఘం అడిగితే సరే. జిల్లా ముఖ్య ప్రణాళికాధికారి జడ్పీ కింద పనిచేయాలి, జీతం జడ్పీ నిధి నుంచి రావాలి. అప్పుడు ఆయన లెక్క మాకు జవాబు చెప్తుంది.

అడంగల్

ఇక్కడ మీతో నేను ఏకీభవించను. జడ్పీ కూర్చుని డబ్బు పంచుకునే తీరు అందరికీ తెలుసు. మండలానికి ఇంత, సభ్యుడికి ఇంత అని సమానంగా కోసుకుంటారు. పెద్ద చెరువు తూము బాగుచేయాలంటే 40 లక్షలు కావాలి, సభ్యుడి వాటా 5 లక్షలు. తూము అలాగే ఉంటుంది, ఎనిమిది చోట్ల సీసీ రోడ్డు ముక్కలు పడతాయి. ఇక దిగుబడి అంకె రాసే అధికారి జీతం జడ్పీ చేతిలో పెడితే, కరువు ప్రకటన కావలసిన ఏడాది దిగుబడి పడిపోతుంది, సేకరణ లక్ష్యం కావలసిన ఏడాది పెరుగుతుంది.

జహీరాబాద్ జొన్న

ఇప్పుడు కలెక్టరు కింద ఉంటే మారడం లేదా ఆ అంకె? పై నుంచి ఫోను రాగానే మారదా? జడ్పీ సభ్యులు అయితే దొంగలు, ఐఏఎస్‌లు అయితే లెక్కల మనుషులా? 5 లక్షల వాటా అలా ఎందుకు వచ్చింది? వాళ్ల చేతికి వచ్చే షరతుల్లేని సొమ్మే అంత. 40 లక్షల పద్దు హైదరాబాదులో ఉండిపోయింది.

అడంగల్

మారుతుంది. కలెక్టరు కింద కూడా మారుతుంది. అందుకే ఆ అధికారి ఇద్దరి కిందా ఉండకూడదంటాను. బదిలీ, పదోన్నతి, జీతం మూడూ గణాంక కేడర్ చేతిలోనే ఉండాలి. అంకె మాత్రం జడ్పీకి, కలెక్టరుకు, పేపరుకు ఒకే రోజు వెళ్లాలి.

జాంబెజీ

బోట్స్వానాలో ప్లానింగ్ ఆఫీసర్లది ఇంచుమించు ఈ అమరికే. కూర్చునేది ఆరోగ్య శాఖలో, వ్యవసాయ శాఖలో. పదోన్నతి, బదిలీ ఆర్థిక ప్రణాళికా శాఖ చేతిలో. కూర్చున్న శాఖ మంత్రి కోప్పడినా ప్రాజెక్టు పత్రంలో జీతాల ఖర్చు తగ్గించి రాయక్కర్లేదు.

జహీరాబాద్ జొన్న

ఆర్థిక శాఖ చేతిలో అంటే తిరిగి తిరిగి సచివాలయానికే వచ్చాం.